నల్లగొండ అంగళ్లలో దొడ్డుప్పు: తొక్కుకు ఏ సంచి, కూరకు ఏ ప్యాకెట్

మామిడికాయ దిగే వేళకు నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ కిరాణాల ముందర దొడ్డుప్పు సంచులు బారులు తీరుతాయి. మిరపకాయ ఏ రకమో అడుగుతాం, నూనె ఎక్కడ పట్టిందో అడుగుతాం. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి "ఓ ఐదు కిలోలు జోకు" అని ఊరుకుంటాం. జాడీలో తొక్కు మెత్తబడినా, పైన తెల్లగా బూజు పట్టినా కాయను తిడతాం, నూనెను తిడతాం. తప్పు చాలాసార్లు ఉప్పుదే.

ఈ జిల్లాల్లో మామూలుగా దొరికేవి నాలుగు రకాలు. ఆంధ్ర తీరం నుంచి లారీల్లో వచ్చే పెద్ద సంచుల దొడ్డుప్పు, తూత్తుకుడి వైపు నుంచి వచ్చే కిలో ప్యాకెట్ల దొడ్డుప్పు, గుజరాత్ ఉప్పుతో తయారయ్యే శుద్ధి చేసిన సన్నుప్పు, సూపర్ మార్కెట్లలో పెట్టే గులాబీ రంగు రాతి ఉప్పు. మా తీర్పు ముందే చెప్పేస్తాం. తొక్కుకు నిరుటి రాశి నుంచి తీసి, అయోడిన్ కలిపి కట్టిన కోస్తా దొడ్డుప్పును మించింది లేదు. రోజువారీ కూరకు తూత్తుకుడి ప్యాకెట్ గానీ సన్నుప్పు గానీ చాలు. రాతి ఉప్పు గనిలోంచి వచ్చేది, ఇప్పటి సముద్రపు మడులతో దానికి పని లేదు. ఆ ధర పెట్టి తొక్కులో పోయడం దండగ. అడుగు తడిసిన సంచిని మాత్రం ఎంత తక్కువకు ఇచ్చినా ముట్టొద్దు.

ఎందుకో తెలియాలంటే ఉప్పు మడిలో ఏం జరుగుతుందో చూడాలి. సముద్రపు నీటిలో బరువు లెక్కన దాదాపు 3.5 శాతం లవణాలుంటాయి. అందులో మనం తినే ఉప్పు మూడొంతులకు కొంచెం పైన. మిగతాది మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. వెయ్యి లీటర్ల నీరు పూర్తిగా ఎండితే తినే ఉప్పు 27, 28 కిలోల చుట్టూ వస్తుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడలో, కింద చినగంజాం దగ్గర, నెల్లూరు తీరంలో ఈ పని తరతరాలుగా నడుస్తోంది. ఉప్పునీటిని ముందు పెద్ద మడుల్లోకి వదిలి, ఒక దాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చుకుంటూ చిక్కబరుస్తారు. చిక్కదనం కొలిచేది బామే డిగ్రీల్లో. సముద్రపు నీరు 3 డిగ్రీల చుట్టూ ఉంటుంది. చిక్కబడేకొద్దీ ముందు సున్నం దిగుతుంది, 13 డిగ్రీలు దాటాక జిప్సం దిగుతుంది. 25 దాటాకే అసలు ఉప్పు గింజ కట్టడం మొదలవుతుంది. అప్పటికి నీరు మొదటి కొలతలో పదో వంతుకు తగ్గి ఉంటుంది. ఆ నీటిని అడుగు మట్టిని కాళ్లతో తొక్కి గట్టి చేసిన చిన్న మడుల్లోకి వదులుతారు. ఇక్కడినుంచి పనివాడి కన్ను మీదే అంతా నడుస్తుంది. 29, 30 డిగ్రీలకు చేరగానే మిగిలిన నీటిని బయటికి తోసేయాలి. అది నూనెలా జారుతూ నోట్లో పెడితే చేదుగా ఉంటుంది. అందులో మెగ్నీషియం లవణాలు ఎక్కువ. దాన్ని తోయకుండా ఇంకో రెండు రోజులు ఆపితే బరువు పెరుగుతుంది, చేదూ పెరుగుతుంది.

కొనేవాళ్లకు అన్నిటికంటే పనికొచ్చే సంగతి ఇక్కడే ఉంది. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే గానీ నీరు పట్టదు. మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం తేమే చాలు. నల్లగొండ ఎండాకాలపు పొడి గాలిలో కూడా ఓ సంచి చెమ్మగా ఉందంటే దాని గింజల మీద చేదు నీరు పోలేదన్న మాట. "సముద్రం ఉప్పు గదా, తడి ఉంటది" అని అంగట్లో చెప్పే మాటను ఒప్పుకోవద్దు.

చేదు నీరు పోవాలంటే రాశి పోసి వదిలేయాలి. మడి గట్టు మీద పోసిన ఉప్పు రాశిలోంచి నెలల తరబడి ఆ నీరు కిందికి ఊరి, నేలలోకి ఇంకుతుంది. వాన తగలకుండా తాటాకు కప్పుతారు. ఒక వానకాలం దాటిన రాశి తెల్లబడుతుంది, గింజ గట్టిపడుతుంది, చేదు పోతుంది. అన్నానికి పాత బియ్యం అడిగి తీసుకున్నట్టే తొక్కుకు పాత ఉప్పు అడిగి తీసుకోవాలి. చిక్కేమిటంటే కోస్తాలో ఉప్పు తీసే కాలం జనవరి నుంచి వానలు పడేదాకా. మనం తొక్కు పెట్టేది ఏప్రిల్, మే నెలల్లో. సరిగ్గా ఆ రోజుల్లోనే మడిలోంచి అప్పుడే తీసిన పచ్చి ఉప్పు లారీ ఎక్కి మన అంగళ్లకు వస్తుంది. ఏప్రిల్లో "కొత్త సరుకు దిగింది" అంటే సంతోషపడాల్సింది ఏమీ లేదు. సంచి మీద ప్యాకింగ్ నెల చూసి, నిరుడు తీసిందా ఈ ఏడు తీసిందా అని అడగండి. ఉప్పు టోకు అంగడివాళ్లకు ఇది తెలుస్తుంది, చిల్లర కిరాణాలో తరచుగా తెలియదు.

అడిగితే సరిపోదు, చూసుకోవాలి. గుప్పెడు తీసి పిడికిట్లో గట్టిగా పట్టి వదలండి. మంచి ఉప్పు గలగలా రాలుతుంది, అరచేయి పొడిగా ఉంటుంది. పచ్చిది ముద్దయి అరచేతికి జిగురు తగులుతుంది. తర్వాత ఒక గింజను పళ్ల మధ్య కొరికి చూడండి. ఉప్పన తర్వాత నాలుక వెనక చేదు ఆగితే ఆ సంచి అక్కడే వదిలేయాలి. మూడోది వేడి పెనం. పొయ్యి మీద పెనం కాగాక నాలుగు గింజలు వేయండి. దిష్టి తీసి పొయ్యిలో వేసినప్పటి చిటపటలు అందరికీ తెలిసినవే. ఆ చప్పుడు గింజ లోపల చిక్కుకున్న ఉప్పునీరు ఆవిరై గింజను పగలగొట్టడం వల్ల వస్తుంది. నాలుగైదు చిన్న చప్పుళ్లు మామూలే. గింజ ఎగిరి పెనం బయట పడేలా పేలితే లోపల నీరు బాగా ఉన్నట్టు.

మట్టి చూడటానికి గాజు గ్లాసు కావాలి. రెండు చెంచాల ఉప్పు వేసి కలిపి అరగంట కదలకుండా ఉంచాలి. ఇక్కడ మన జిల్లాకే ఒక జాగ్రత్త ఉంది. నల్లగొండ బోరు నీటిలో సున్నం ఎక్కువ, ఆ నీళ్లతో చూస్తే ఉప్పు మంచిదైనా మసకే కనిపిస్తుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు గానీ ఫిల్టరు నీళ్లు గానీ వాడండి. అడుగున నల్లటి సన్న మట్టి పొర చేరితే, మడి అడుగు దాకా గీకి తీసిన ఉప్పన్న మాట. తెలిసినవాళ్లు అడుగున ఒక పొర ఉప్పు వదిలి పైదే లాగుతారు. పని తొందర ఉన్నచోట ఆ ఓపిక ఉండదు. తెల్లటి పొడి అడుగున మిగిలితే అది జిప్సం. తొక్కుకు పెద్ద చెరుపు చేయదు, పైగా కాల్షియం ముక్కను గట్టిగా ఉంచుతుంది. తినే ఉప్పులో నీటిలో కరగని సరుకు 1 శాతం దాటకూడదు, ఆరిన లెక్కన సోడియం క్లోరైడ్ 96 శాతానికి తగ్గకూడదు, తేమ 6 శాతం దాటకూడదు అన్నది నిబంధన.

ఆ 6 శాతం చిన్న మాట కాదు. 25 కిలోల సంచిలో కిలోన్నర నీటికి చట్టమే ఒప్పుకుంటోంది. తొక్కు చెడే దారి ఇదే. కిలో మామిడి ముక్కలకు మేము వేసే లెక్క 170 గ్రాముల ఎండిన ఉప్పు పొడి, నిమ్మకాయకు కిలోకు 200 గ్రాములు. తడి ఉప్పును అదే తూకంతో వేస్తే ఉప్పు తగ్గుతుంది, నీరు పెరుగుతుంది. నూనె పైన తేలినా కింద ముక్క మెత్తబడుతుంది, పులుపు వాసన వస్తుంది. కిలో ఉప్పు తూచి, బట్ట మీద పలచగా పోసి పొద్దంతా ఎండబెట్టి సాయంత్రం మళ్లీ తూచండి. 60 గ్రాములకు మించి తగ్గితే సంచి వాపసు ఇవ్వడానికి మీకు కారణం దొరికినట్టే. ఎండిన తర్వాతే దంచాలి లేదా మిక్సీ పట్టాలి, తూకం పొడికే వేయాలి. సోలతో, గ్లాసుతో కొలిచే అలవాటు ఉన్న ఇళ్లలో ఇంకో పొరపాటు జరుగుతుంది. దొడ్డు గింజల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి గ్లాసు దొడ్డుప్పు గ్లాసు సన్నుప్పు కంటే తేలిక. అమ్మమ్మ దొడ్డుప్పు కొలత చెబితే అదే గ్లాసుతో సన్నుప్పు వేసి "ఉప్పు ఎక్కువైంది" అనుకునేది ఇందుకే.

కడిగి ఎండబెట్టే పద్ధతి గురించి ఒక మాట. మన ఊళ్లలో దొడ్డుప్పును నీళ్లలో జాడించి ఆరబోయడం ఉంది. మట్టి, చేదు పోతాయి, నిజమే. కానీ అయోడిన్ కలిపిన ఉప్పయితే అది కూడా పోతుంది. దొడ్డుప్పు గింజ మీద అయోడిన్ ద్రావణాన్ని చల్లుతారు, అది పైపొర మీదే నిలుస్తుంది, మొదటి నీళ్లకే కరుగుతుంది. చెమ్మ పట్టిన సంచిలో అదే నీరు కిందికి దిగుతూ అయోడిన్‌ను అడుగుకు మోసుకుపోతుంది. పైన తీసినవాళ్లకు తక్కువ, అడుగున తీసినవాళ్లకు ఎక్కువ. అందుకే కూరకు దొడ్డుప్పు వాడే ఇంట్లో మంచి సరుకు కొని కడగకుండా వాడటమే సరైన పద్ధతి. అయోడిన్ లేని ఉప్పును మనుషులు తినడానికి అమ్మకూడదన్న నిబంధన 2006 మే 17 నుంచి అమల్లో ఉంది. కొనేవాళ్ల చేతికి వచ్చేసరికి పది లక్షల వంతుల ఉప్పులో 15 వంతుల అయోడిన్ అయినా ఉండాలి. ఇంట్లో చూసే సులువైన దారి ఆలుగడ్డ. ముక్క కోసి దాని మీద ఉప్పు వేసి, నిమిషం ఆగి రెండు చుక్కల నిమ్మరసం పిండితే, అయోడిన్ ఉన్నచోట నీలం రంగు తేలుతుంది.

అంగళ్ల మీద మాకున్న అసలు ఫిర్యాదు ఇదే. గొర్ల మందలకు, తోళ్ల ఊరవేతకు వచ్చే అయోడిన్ లేని సంచులు, తినే ఉప్పు సంచులు పక్కపక్కనే ఉంటాయి. మహబూబ్‌నగర్ వైపు గొర్ల పెంపకం ఎక్కువ, ఆ సంచులు రావాల్సిందే. కానీ విప్పి గంపలో పోశాక రెండింటికీ తేడా తెలియదు. గంపలోంచి జోకించుకోవద్దు, కుట్టు విప్పని సంచి మీద రాత చదివి తీసుకోండి. పరిశ్రమకనో పశువులకనో రాసి ఉంటే అది మన వంటింటికి కాదు. తొక్కు వరకైనా అయోడిన్ లేనిదే కావాలని పట్టుబట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అయోడిన్ వల్ల తొక్కు నల్లబడుతుందన్నది వాళ్ల నమ్మకం. నల్లబడటానికి గాలి తగలడం, ఇనుప గరిటె పెట్టడం చాలు. నూనె ముక్క మీద రెండు వేళ్ల ఎత్తు నిలిచి ఉంటే అయోడిన్ ఉప్పుతో పెట్టిన తొక్కు కూడా రంగు నిలుపుకుంటుంది.

తూత్తుకుడి ప్యాకెట్ల గురించి క్లుప్తంగా: గింజ చిన్నది, తెల్లన, చెమ్మ తక్కువ, మట్టి దాదాపు ఉండదు. ప్యాకెట్ కాబట్టి అయోడిన్ నిలుస్తుంది. తొక్కుకు వాడినా తప్పు లేదు, ఐదు పది కిలోలకు ఖర్చు కొంచెం ఎక్కువవుతుంది, అంతే. సన్నుప్పులో గడ్డ కట్టకుండా కలిపే పొడి ఉంటుంది, అది నిమ్మకాయ ఊటను కాస్త మసకబారుస్తుంది. రుచికి నష్టం లేదు. దేశం ఉప్పులో ముప్పాతిక వంతుకు పైగా గుజరాత్‌దే. అక్కడ వానలు తక్కువ, ఎండకాలం పొడుగు, అందుకే చవక. మన కోస్తాకు తుపాన్ల బెడద ఉంది. మడి నిండా గింజ కట్టాక ఒక్క రాత్రి వాన పడితే నెలల పని కరిగిపోతుంది. పైగా చాలాచోట్ల ఉప్పు మడులు రొయ్యల చెరువులయ్యాయి. కోస్తా పాత రాశి ఉప్పు కావాలని గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం. కొనేవాళ్లు అడిగితేనే రాశిని ఏడాది ఆపి అమ్మడం ఉప్పు తీసేవాళ్లకు గిట్టుతుంది. మడిలో పనిచేసేవాళ్ల కాళ్లు ఉప్పునీటికి పగుళ్లు బారుతాయి, తెల్లటి మెరుపుకు కళ్లు మండుతాయి. అటువంటి శ్రమకు కిలోకు ఇంకో రెండు రూపాయలు ఇవ్వడానికి మనం వెనకాడకూడదు.

ఈ జిల్లాలకు సముద్రం లేదు గానీ సముద్రపు ఉప్పుతో సంబంధం చాలా పాతది. ఇప్పుడు నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో ముగుస్తుంది. గోల్కొండ కాలంలో ఆ రేవుకు, ఈ పీఠభూమికి మధ్య సరుకు నడిచింది ఎద్దుల మీదే. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్, పది పన్నెండు వేల ఎద్దుల బిడారుల గురించి రాశాడు. ధాన్యం మోసేవాళ్లు, బియ్యం మోసేవాళ్లు, పప్పులు మోసేవాళ్లు, ఉప్పు మోసేవాళ్లు వేర్వేరు తెగలని చెప్పాడు. ఈ రోజు దేవరకొండ, అచ్చంపేట తండాల్లో ఉంటున్న లంబాడీల పూర్వికుల బతుకు ఆ రవాణా. తీరంలో 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్త చేసుకుంది, ధర దాని చేతిలోకి పోయింది. 1889లో రైలు బెజవాడ దాకా కలిశాక ఎద్దుల బిడారుకు పని తగ్గింది. గాంధీ 1930 ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీసినప్పుడు ఆంధ్ర తీరమంతా కదిలింది. ఉప్పు మీద పన్ను పోయింది మాత్రం 1947లో.

సముద్రపు ఉప్పు అందనప్పుడు ఇక్కడి ఉప్పరులు చవుడు నేలల మీద ఉప్పు తీసేవాళ్లు. ఎండకు తెల్లగా పొంగిన మట్టిని గీకి, గుంటలో నీళ్లు పోసి ఊరించి, వడకట్టి, గచ్చు మడిలో ఎండబెట్టేవాళ్లు. శ్రమ చాలా, రుచి తక్కువ. చవుట్లో సోడా లవణాలు, సూరేకారం కలిసి వస్తాయి, వాటిని వేరు చేయడం ఆ పద్ధతిలో కుదరదు. తీరం నుంచి వచ్చిన ఉప్పుకు మన ఇళ్లల్లో అంత విలువ ఎందుకు ఉండేదో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఉప్పు మంచిచెడ్డలు ఇంకా గట్టిగా బయటపడేది ఎండు చాపల్లో. సంతల్లో ఉప్పు పక్కనే అమ్మే సరుకది. నెత్తళ్ల వంటి చిన్న చాపలకు చాలాసార్లు ఉప్పు వేయరు, ఎండలో ఆరబెడతారు. పెద్ద చాపను చీల్చి, పేగులు తీసి, మూడు నాలుగు కిలోల చాపకు కిలో ఉప్పు లెక్కన పట్టించి, ఊరాక ఎండేస్తారు. పచ్చి ఉప్పు వాడితే మెగ్నీషియం, కాల్షియం ఉప్పును లోపలికి త్వరగా ఇంకనివ్వవు. పైన గట్టిబడి తెల్లగా కనిపిస్తుంది, ఎముక దగ్గర మాత్రం కుళ్లు మొదలవుతుంది. అందుకే కొనేటప్పుడు వెన్నెముక పక్కన వేలితో నొక్కి వాసన చూడాలి. చాప మీద గులాబీ, ఎర్ర రంగు జిగురు మచ్చలు ఉంటే తీసుకోవద్దు. చిక్కటి ఉప్పునీటిలో బతికే సూక్ష్మజీవుల రంగు అది. ఉప్పు మడులు కొన్ని రోజులు ఎర్రగా కనిపించేదీ ఇటువంటి జీవుల వల్లే. అవి ఉప్పు గింజతో పాటే చాపకు చేరతాయి. బాగా ఆరి పాతబడిన ఉప్పులో వాటి సంఖ్య తగ్గుతుంది, చాపకు కూడా పాత ఉప్పే కావాలనేది అందుకే. ఇసుక మీద ఆరేసిన నెత్తళ్లను నీళ్లలో వేసి చేత్తో కలిపితే ఇసుక గిన్నె అడుగుకు చేరుతుంది. కర్రల పందిరి మీద ఆరేసినవి కొంచెం ప్రియమైనా అవే కొనండి. ఏ చాప మీదా ఈగ వాలకపోతే మందు చల్లారేమోనని అనుమానించండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ అంగట్లో ఉండేది ఎక్కువగా అంతకుముందు ఎండబెట్టిన సరుకే. మార్చి చివర్లో కొని, ఇంటికి తెచ్చి ఒక పూట ఎండబెట్టి, గట్టి మూత డబ్బాలో పెట్టుకుంటే పురుగు తక్కువ. ఉప్పును మాత్రం మట్టి కుండలో పోయొద్దు. గోడల్లోంచి ఊరి పైకి తెల్లగా పొంగి కుండ పొరలు పొరలుగా రాలుతుంది. పింగాణీ జాడీ గానీ గట్టి మూత ప్లాస్టిక్ డబ్బా గానీ వాడాలి. సిమెంటు నేల మీద కాకుండా పీట మీద, పొయ్యికి దూరంగా పెట్టాలి. ఈ ఏడు కోస్తా ఉప్పు రెండు సంచులు తీసుకోగలిగితే ఒకటి విప్పి వాడుకోండి, రెండోది వచ్చే ఏటి తొక్కుకు అట్టిపెట్టండి. సంచి కింద రెండు ఇటుకలు వేసి, అడుగున చిన్న చిల్లి పెట్టి వదిలేస్తే వానకాలంలో దానిలోని చేదు నీరు దానంతట అదే కారిపోతుంది. ఆ నీటితో పాటు అయోడిన్ కూడా కొంత పోతుంది కాబట్టి ఆ సంచి తొక్కుకే, కూరకు కాదు. కారే నీరు నేలను పాడు చేస్తుంది కాబట్టి కింద తట్ట ఒకటి పెట్టండి.